తరుగు

ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తా మీద కూసోని
లాసెట్ గైడు తిప్పుతున్న.
ఘాటుకు కండ్లు మండి
ఒక్కో సెక్షన్ రెండుసార్లు చదువుడయితాంది.

'ఒప్పందానికి స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి ఉండవలెను.'

కాంటా కాడ అడ్తిదారు
బస్తాకు రెండు కిలోలు తరుగన్నడు.
మా సారక్క చిన్నమ్మ తల ఊపింది.
ఊపిందో, తుమ్మొచ్చిందో
నాకు తెల్వలే.
అంచుకు పెన్సిలుతోటి గీత గీసుకున్న.

వానలు వడ్డంక, మీసేవల ఆప్షన్లు.
"ఈ ర్యాంకుకు హైదరాబాదే వస్తదక్కా!"
సుబేదారి కాలేజే ముందు పెట్టుమన్న.
పిలగాడు నారాజయిండు.
క్లాసులిడిసినంక పరకాల బస్సు దొరుకుతది,
సీజన్ల కాంటా కాడ నిలవడొచ్చు,
గిదంత ఆనికేం జెప్పుదు?

బస్సుల మళ్ల గైడు తీసిన,
అయిపోయిన పరీక్షదే.
ఎనుకనుంచి ముందటిదాక ఎతికిన.
తరుగన్న మాట
యాడ లేదు.