ఉప్పు సరిపోయిందా

గేటుకాడ నుదుటికి తుపాకీ పెట్టి
తొంభై ఏడు, పో అన్న్యాడు కుర్రోడు.
నీళ్లు లేని జారుడుబల్లల కింద
సున్నపు గుండ్రాల్లో నిలబడినాం,
ఒకరి ఆకలి ఒకరికి తగలకుండా.

రెడ్డెమ్మ అంగట్లో సంగటి, చింతకాయ ఊరుబిండి.
"జొరమొచ్చి పోయినాక నా నాలిక్కేం తెలీడంల్యా నాయనా,
ఉప్పు సరిపోయిందో లేదో నువ్వే చెప్పాల."

మూతిగుడ్డ కింద తియ్యకూడదంట.
ఆకుదొన్నె పట్టుకోని జెయింట్ వీల్ ఎక్కినా.
ముందు తొట్టి ఖాళీ, వెనకదీ ఖాళీ.
తిరుమల కొండ మొత్తం కనబడేంత ఎత్తులో
గుడ్డ దించి, బిండి అద్దుకోని
ఒక ముద్ద.

ఉప్పు లేదు.
పులుపు లేదు, కారమూ లేదు.

బిండిలోనా?

తొట్టి దిగేసరికి
చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకోని
నన్నే చూస్తా ఉంది రెడ్డెమ్మ.
సరిపోయిందని తలూపి
ఒక గుండ్రం ఎక్కువే
వెనక్కి జరిగినా.