స్టీలు చెంచా

సరగోసాలో సియెర్సో గాలి మొదలైతే
మూడు రోజులదాకా ఊపిరి తీసుకోదు.
నేలమాళిగ ల్యాబులో మాకు తెలిసేదల్లా
మెట్ల పైన ఒక తలుపు కొట్టుకోవడం.

మూడు వారాలు పెంచాం ఆ నీలాకుపచ్చ బాక్టీరియాను,
ఇనుము రేణువు కూడా తగలనివ్వకుండా.
గాజు సీసాల్ని ఆమ్లంతో కడిగి, మళ్ళీ కడిగి,
నీళ్ళను సైతం అనుమానించి.
"ఆకలికి మాడితే గాని అది పసుపు చెయ్యదు,"
అంటుంది ఒరోసియా.

ఇనుమున్నన్నాళ్ళూ కణానికి వేరే నౌకరున్నాడు,
గోధుమ ఎరుపువాడు, ఇనుమూ గంధకమూ మింగినవాడు,
ఎలక్ట్రాన్లు మోయడం వాడి పని.
ఇనుము నిండుకున్న రోజున
వాణ్ణి మానిపించి
ఫ్లావోడాక్సిన్‌కు కబురు పెడుతుంది.
ఐదు పలకలు పక్కపక్కన పేర్చి,
అటూ ఇటూ మెలికల స్తంభాలు నిలిపి,
ఓ అంచున చిన్న గూడు.
ఆ గూట్లో ఫ్లావిన్,
ఒకపక్క ట్రిప్టోఫాన్, ఒకపక్క టైరోసిన్,
కిక్కిరిసిన బస్సులో
ఇద్దరి మధ్య ఇరుక్కుని నిలబడ్డ పిల్లాడిలా.

ఒంటరిగా తిరిగేటప్పుడు నీలి దీపం కింద
ఆకుపచ్చగా మెరిసిపోతుంది, పనిలేనివాడి షోకు.
గూట్లో కుదురుకోగానే మెరుపు ఆరిపోతుంది.
చేతినిండా పనుంది మరి:
ఒక ఎలక్ట్రాన్ అందితే నీలం,
రెండోదీ అందితే రంగే ఉండదు,
గాలి తగిలిందా, మళ్ళీ పసుపు.

ఇవాళ కాలమ్‌లోంచి పసుపు దిగలేదు.
తుప్పు నీళ్ళలాంటి గోధుమ పట్టీ
తాపీగా, సిగ్గులేకుండా దిగింది.

ఒరోసియా ఏమీ అనలేదు.
ఆమెది మోన్రెయాల్, కుంకుమపువ్వు పండే ఊరు.
అక్టోబరు రాత్రుల్లో వంటింటి బల్ల మీద
ఊదా పూలు గుట్టపోసి
పువ్వుకు మూడు పోగులు గిల్లిన వేళ్ళు ఆమెవి.
గ్రాముకి నూటయాభై పూలట.
ఆ వేళ్ళతోనే సామానంతా ఒక్కొక్కటే జరిపి చూసింది.
సీసాలు. మూతలు. పింగాణీ గిన్నె.
ఉప్పుల డబ్బా వెనక
ఒక స్టీలు చెంచా,
మెడ దగ్గర పెసరగింజంత తుప్పు.

"నేనే," అన్నాడు చబియేర్, చెవులు ఎర్రబడి.
"ప్లాస్టిక్‌ది విరిగింది. ఒక్కసారే కలిపాను."

ఒక్కసారి చాలు.
రాలిందేమిటో మా కంటికి ఆనదు,
సీసాలోని కోట్లమందికి మాత్రం అది జాతర.
పాత నౌకరు తిరిగొచ్చాడు,
ఇక పసుపు ముఖం చూసేదెవరు?

కోపం రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది.
మూడు వారాలుగా మేం కాపలా కాసింది లేమికి.
కలిమికైతే తాళం వేసుకోవచ్చు,
లేమికి ఏ తాళం సరిపోతుంది?

ఒరోసియా ఆ గోధుమ రంగును పారబోయలేదు.
చిన్న గొట్టాల్లోకి పట్టి తేదీ వేసింది.
చబియేర్ చేతికి తొడుగులూ ఆమ్లం సీసా ఇచ్చింది.
తర్వాత చెంచా తీసుకుని మెట్లెక్కి
తలుపు సందులో గట్టిగా దోపింది.

చప్పుడు ఆగింది.