మూడో మెట్టు

షట్టరుకు నెలకు రెండు వందలు.
వరంగల్ చౌరస్తా నుంచి మండి బజార్ మలుపు దాకా
మూడు వందల పన్నెండు షట్టర్లు.
రసీదు బుక్కు గుండా విశ్వనాథం సేటు దగ్గర,
చీపుర్లు యాకమ్మోళ్ల దగ్గర,
విజిల్ నా దగ్గర.
ఒక జాకెట్ సుత ఇచ్చిండ్రు, మెరిసే పట్టీలది.
లారీ లైటు పడ్డప్పుడు
నేనున్నట్టు ఊరికి తెలుస్తది.

పదింటికి బజారు కండ్లు మూస్తది.
షట్టర్లు జారుతుంటే ఇనుప వాన చప్పుడు.
ఆ తర్వాత మిగిలేది చూడాలె:
చీరెల పెట్టెల అట్టలు,
బజ్జీల నూనె మింగిన కాగితాలు,
ఎవరి పెండ్లి కోసం బేరమాడిందో, తెగిపడ్డ జానెడు జరీ.
పగలంత ఈ ఊరు ఏం కోరుకున్నదో
రాత్రి యాకమ్మ చీపురుకు తెలుస్తది.

మాఘం దాటితే ఎనుమాముల మార్కెట్ దిక్కు నుంచి
మిర్చి ఘాటు గాలి మీదెక్కి వస్తది.
ఊడ్చేటోళ్లు తుమ్ముతరు, నేను తుమ్ముత,
కుక్కలు తుమ్ముతయి.
సల్లగుండు అని ఒకరికొకరం అనుకుంటం,
కుక్కలకు సుత.

కమిటీ వచ్చినంక మారింది, అబద్ధమెందుకు.
మోరీల మీద బండలు పడ్డయి. దీపాలు వెలిగినయి.
ఎంజీఎంల డ్యూటీ దిగిన నర్సు పిల్ల
ఒంటరిగ నడిచిపోతది, ఫోన్ల నవ్వుకుంట.
ఆ నవ్వు నా జీతంల భాగం అనుకుంట.

పట్టు బట్టల దుకాణం మూడో మెట్టు మీద
తాళం చెవుల ఖాజా మియా.
పగలు బ్యాంకు గోడకు గొడుగు కట్టుకొని
పోయిన చెవులకు తోబుట్టువులను చేస్తడు.
రాత్రి,
ఈ బజార్ల ఏ తాళాన్నైనా
బీడీ కాలేలోపు తీయగల చేతులు
తల కింద పెట్టుకొని పంటడు.
పద్నాలుగేండ్లు.
ఒక్క షట్టరు లేవలే.

రెండింటికి నేను విజిల్ వేస్త.
చీకట్ల నుంచి చెవుల గుత్తి గలగలమంటది.
అంతే మా ముచ్చట.

మొన్న మీటింగుల పేపరు చదివిండ్రు:
మెట్ల మీద ఎవలు పండొద్దు,
కస్టమర్‌కు భయం, ఫొటోల మంచిగ రాదు.
సేటు మంచోడే.
వాళ్ల నాయిన ఇదే మెట్టు మీద
బట్టల మూట దించి కూసున్నోడట,
ఆ ఫొటో గల్లా మీద ఉంటది, రోజూ ఊదుబత్తి.
చెత్త అన్న మాట ఎవలూ అనలే.
ఆ లైను మాత్రం
చెత్త లైను కిందనే రాసి ఉంది.

నేనే పోయి లేపిన.
"చాచా, జర..."
జర అన్న మాటకే ఆయనకు అంతా సమజైంది.
దుప్పటి నాలుగు మడతలు వేసిండు,
పన్న జాగను అరచేత్తోటి తుడిచిండు,
స్టేషన్ దిక్కు నడిచిండు.

ఆ వారం బజారు అద్దం లెక్కుంది.
రెండింటికి విజిల్ వేసిన.
అడ్రసు తప్పిన ఉత్తరం లెక్క
నాకే తిరిగొచ్చింది.
కెమెరా ఎర్ర కన్నుతోటి చూసింది గని
బదులియ్యలే.

ఎనిమిదో రాత్రి నేనేం చేసిననో చెప్ప.
యాకమ్మ చూసింది.
ఊడ్చుకుంట ఊడ్చుకుంట వచ్చి
మూడో మెట్టు దగ్గర చీపురు పైకెత్తి పట్టుకొని
ఊయల పక్క నుంచి పోయినట్టు పోయింది.

పొద్దుగాల రిజిస్టర్ రాయాలె.
లైట్లు: అన్ని వెలుగుతున్నయి.
మోరీలు: సాఫ్.
షట్టర్లు: మూడు వందల పన్నెండు, తాళాలు సరి.
మెట్లు:
కలం జరసేపు ఆగింది.
ఖాళీ, అని రాసిన.
సంతకం పెట్టి
హోటల్ దిక్కు పోయి
రెండు చాయ్‌లు చెప్పిన.