కింది రెప్ప

మార్చి నెల. ఏటుకూరు రోడ్డు దాకా ఘాటు.
కిటికీ మూసినా దగ్గు లోపలికొస్తుంది.
యార్డు నిండా టిక్కీలు, టిక్కీల నిండా ఎరుపు,
ఆటోల మీద, ఆడవాళ్ళ అరచేతుల మీద,
పక్క కాలవలో పారే నీళ్ళ మీద కూడా.
గుంటూరు మొత్తం ఇంత ఎర్రగా ఉన్న రోజున
నా బల్ల మీద కూర్చోబెట్టిన పిల్ల
సున్నం కొట్టిన గోడలా ఉంది.

పేరు కెజియా. ఇరవై రెండు నెలలు.
"మా ఇంటా వంటా లేని రంగండీ, దొరసాని!"
నాయనమ్మ మార్తమ్మ మురిసిపోతోంది.
దిష్టి తగలకుండా బుగ్గన చుక్క కూడా పెట్టింది.
నేను బొటనవేలితో కింది రెప్ప లాగాను.
దానిమ్మ గింజ ఉండాల్సిన చోట
ఉల్లిపొర.

సూది గుచ్చితే ఏడవలేదు.
ఏడవడానికీ కాస్త ఓపిక కావాలి కదా.
వేలికొసన చుక్క ఊరడానికి చాలాసేపు పట్టింది.
మిషను ఆరు పాయింట్ నాలుగు చూపించింది.

"ఏం తింటుందమ్మా?"
"పాలేనండీ. నాలుగు సీసాలు. చిక్కటి గేదెపాలు."
తల్లి సువార్త గొంతులో గర్వం.
పాలవాడి దగ్గర అప్పు పెట్టి కొనుక్కున్న గర్వం.
"అన్నం?"
"నోట్లో పెడితే ఊసేస్తది.
నా గ్లాసులో టీకి మాత్రం ఎగబడుద్ది."
"ఇంకా?"
అత్తాకోడళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

పిల్ల చెయ్యి తిప్పి చూశాను.
గోళ్ళ సందుల్లో గోడ.
పెచ్చులు గీక్కుని తింటుందట.
అక్క పలక దగ్గర బలపం మిగలనివ్వదట.
కొట్టారు, వేళ్ళకి వేపాకు రాశారు, మానలేదు.
కొట్టకమ్మా. కడుపులో పాములుండొచ్చు,
ఆ కాలవ గట్టున చెప్పుల్లేకుండా తిరిగే పిల్ల.
ఒంట్లో లేనిదేదో
గోడలో దొరుకుతుందేమోనని చూస్తోంది, అంతే.

పెద్దది చంక దిగకముందే ఇది కడుపున పడింది.
ఎనిమిదో నెలలో పుట్టింది.
నొప్పులొచ్చిన పూట కూడా సువార్త
ముచ్చికలు తీస్తూనే ఉంది, కిలో లెక్కన.
"మరి మేమిచ్చిన ఎర్ర మాత్రలో?"
చాలాసేపటికి చెప్పింది.
వేసుకుంటే కడుపులో తిప్పిందట.
పిల్ల నల్లగా పుడుతుందని ఎవరో అన్నారట.
బియ్యం డబ్బాలో అడుగున దాచిందట.
మార్తమ్మ కిటికీ వైపు తిరిగింది.

పాత రిజిస్టరు తీశాను.
సువార్త. మాత్రలు నూట ఎనభై. వాడినది. టిక్కు.
సంతకం నాదే.
ఆవేళ నెలాఖరు. మర్నాడు మీటింగు.
డెబ్భై ఇళ్ళు, గుమ్మంలోంచే అడిగాను,
"వేసుకుంటున్నావుగా?"
తల ఊపింది. తల ఊపితే చాలనుకున్నాను.

పెద్దాసుపత్రికి చీటీ రాశాను. ఇవాళే వెళ్ళాలన్నాను.
"రేపెళ్తే?" అంది. రానూపోనూ ఆటో అంటే
ఎన్ని కిలోల ముచ్చికలో ఆమెకు నోటిలెక్క.
ఇవాళే, అన్నాను.
అక్కడ మందిస్తారు. దొడ్డికి నల్లగా వస్తుంది, భయపడి ఆపెయ్యకు.
టీ వద్దు. పాలు రెండు గ్లాసులకి దించు.
గుడ్డు, మునగాకు పప్పు, దొరికిన ఆదివారం కాస్త కార్జం.
అంటూనే ఉన్నాను, ఆమె చీరకొంగు ముడి
విప్పి చూసి మళ్ళీ ముడేసుకుంది.
ఆటోకి నా పర్సులోంచి రెండు వందలు తీశాను.
వద్దంది. మార్తమ్మ తీసుకుంది.

"నువ్వూ ఒకసారి వంగు సువార్తా."
"నాకేంటండీ?"
వంగింది. రెప్ప లాగాను.
కారం దుమ్ముకి కన్ను పైన ఎర్రగా చీరుకుపోయింది.
కింద, ఉల్లిపొర.

పిల్ల ఈలోగా నా కిటికీ చెక్క మీది పెయింటు గీకుతోంది.
చెయ్యి పట్టుకుని ఆపాను. మార్చి ఎండలో
చల్లటి చెయ్యి.

వాళ్ళు వెళ్ళాక కొత్త రిజిస్టరు తీశాను.
టిక్కు పెట్టే గడిలో
రెప్ప లాగి చూశాను అని రాశాను.
గడి చిన్నది.
అక్షరాలు పక్కింటి పిల్లాడి గడిలోకి వెళ్ళిపోయాయి.
వాడి రెప్ప ఇంకా చూడలేదు.