టేబులు లేని ఇంట్లో

నరసాపురం లాకుల వెనక వీధి.
అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచి
"వెబ్ అంటే సాలెగూడు పిన్నీ" అంది కెజియా.
నేను క్రోషా సూది ఆపలేదు.
సాలెపురుగుకి ఏజెంటు ఉండడు కదమ్మా, అన్నాను.

నలభై ఏళ్లు గవర్రాజు గారికే ఇచ్చాం అల్లినవన్నీ.
మూరేసి కొలిచేవారు, పెదవి విరిచేవారు,
ముడి వదులైందని రూపాయి కోసేవారు.
ఆ లేసు గుడ్డ ఏ ఊరు పోయిందో
ఎవరి ఇంట్లో పరుచుకుందో
మాకు తెలియకపోవడమే ఆయన వ్యాపారం.

ఇప్పుడీ పిల్ల మాకో పేరు కొంది.
డొమైన్ అంటారంట.
ఏటా కట్టకపోతే ఇంకెవడో ఎత్తుకుపోతాడంట.
ఆ పేరు నిలబడే చోటుకి మళ్లీ వేరే అద్దె, అది హోస్టింగు.
పేరుకో అద్దె, చోటుకో అద్దె,
మరి మనదంటూ ఏంటే?
"మీ వేళ్లు" అంది.
మాటలు బాగా వచ్చు దీనికి.
కొంచెం అనుమానంగానే చూశాను.

ట్రాఫిక్ నాకు చెప్పక్కర్లేదు.
చిన్నప్పుడు కాలవగట్టున కూచుని పడవలు లెక్కెట్టేవాళ్లం,
కొబ్బరికాయల పడవ, పెంకుల పడవ, వట్టి పడవ.
వట్టిదాన్ని కూడా లెక్కలో వేసేసేది మా చెల్లి.
కెజియాదీ అదే వరస:
"నిన్న రెండొందల మంది వచ్చారు పిన్నీ!"
కొన్నదెందరు?
"ఒక్కరూ లేరు."
చూసినవాడు కొనేవాడిగా మారితే కన్వర్షనంట.
మా ఆయన మారుమనస్సు కోసం
పాస్టరు గారు పందొమ్మిదేళ్లుగా ప్రార్థన చేస్తున్నారు.
అదంత తేలికేం కాదమ్మా, అన్నాను.

కుకీ అంటే బిస్కెట్టు కాదు.
మా ఆయన సందు మలుపులో కనబడగానే
కిళ్లీకొట్టు కుర్రాడు ఆకుకి సున్నం రాయడం మొదలెడతాడే, అది.
బౌన్స్ అంటే
గుమ్మంలో ఒక కాలు పెట్టి, రెండోది పెట్టకుండా పోయేవాళ్లు.
కాష్ అంటే, కత్తెరా కండే చేతికందే గూట్లో ఉంచుకోవడం.
ఆ గూట్లోంచే ఓసారి పోయిన నెల ధర చూపించింది.
పిల్ల నెత్తి కొట్టుకుంది.

ఎస్‌ఈఓ దగ్గర మాత్రం ఇద్దరికీ మాటా మాటా వచ్చింది.
వెతికేవాడి నోట్లో మాట
మన గుమ్మం మీద రాసిపెట్టాలంట.
ఈ అల్లిక పేరు పనసతొన.
మా అత్త అలాగే అనేది, ఆవిడ అత్తా అలాగే.
"పనసతొన అని ఎవరూ వెతకరు పిన్నీ"
అని చెరిపేసి, టేబుల్ క్లాత్, తెలుపు, చేత్తో అల్లినది, అని కొట్టింది.
మాకు తినడానికి నేల, రాయడానికి మోకాలు.
నలభై ఏళ్లుగా దేనిమీద పరచడానికి అల్లుతున్నానో
ఆ వస్తువు ఇంకా మా గుమ్మం దాటలేదు.

ఓ రోజు ఎక్కడో నొక్కితే తెల్లటి పేజీ,
నాలుగు, సున్నా, నాలుగు.
"చిరునామా ఉంది, అక్కడ ఏమీ లేదు" అంది.
నాకు బుల్లెమ్మాయి గుర్తొచ్చింది.
లంకలో ఉండేది, నాకంటే సన్నంగా అల్లేది.
గోదారి ముందు అరటితోట కోసుకుపోయింది,
తర్వాతి వరదకి పాక, ఆ తర్వాత ఇల్లు.
రేషను కార్డు మీద ఇంటి నంబరు ఇంకా ఉంది.
పంటి మీంచి చూస్తే ఆ చోట నీళ్లు కాస్త సుడి తిరుగుతాయి, అంతే.
"డెడ్ లింక్ పిన్నీ, తీసేస్తా."
ఉండనీ, అన్నాను.
ఎందుకని అది అడగలేదు.

రాత్రి ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.
ఎవరో, ఏ దేశమో, అక్కడ ఏ పొద్దో,
పదకొండు నిమిషాలు మా గుడ్డ దగ్గరే ఉన్నారంట.
బొమ్మని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి,
కుడి చేతి మూల దగ్గర ఆగారంట.
కొనలేదు.

ఆ మూలలో నేనొక ముడి తప్పాను.
కెజియాకి చెప్పలేదు.
అదే వాళ్లకి దొరికిందో,
లేక ఆ పూవుకి వాళ్ల భాషలో
ఏ పండు పేరైనా పెడుతూ కూచున్నారో,
అనలిటిక్స్‌లో ఆ గడి లేదంట.

కరెంటు పోయింది.
గుడ్డ ఒళ్లో వేసుకుని
ఆ మూలనే నేనూ చూస్తున్నాను.
ఎన్ని నిమిషాలైందో
లెక్కెట్టేవాళ్లు ఇక్కడ లేరు.