నీలి గీత

గిరింపేటలో పైపు పగిలితే
ఇన్నాళ్లూ చెంగల్రాయుడికే కబురు.
చెప్పులు విప్పి, అరికాలు నేలకానించి
"ఈడ తవ్వండ్రా" అనేవాడు.
నీళ్లు ఆడే ఉండేవి.

ముప్ఫై ఏళ్ల వాల్వులు ఆయన తలలోనే.
ఆఫీసు ప్లాను ఎప్పుడో చెదలు తినేసింది.

రిటైరయ్యే నెలంతా
ట్యాబు పట్టుకుని వెనకే తిరిగాను.
ఆయన ఆగినచోటల్లా ఒక చుక్క,
చుక్కలు కలిపితే నీలి గీత.

మురకంబట్టు దగ్గర
గీత రోడ్డు దాటలేదు.
అవతల పంతొమ్మిది ఇళ్లు,
పన్ను రసీదులున్నాయి, పైపు లేదు.
"ఎవురూ అడగలా మేడం.
నేనూ చెప్పలా."

సోమవారం కమిషనరు గదిలో, తెరమీద
ఆ ఖాళీ తెల్లగా కనబడింది.
ఎవరూ మాట్లాడలేదు.

ఈ పొద్దు జేసీబీ వచ్చింది.
పిలవకుండానే వచ్చినాడు చెంగల్రాయుడు,
చెప్పులు చేత్తో పట్టుకుని.