నాలుగు నిమిషాలు

స్విచ్చి వేశాక నాలుగు నిమిషాలు.
కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా నా కొట్లో
కంప్యూటరు నిద్ర లేవడానికి పట్టే కాలం అది.
ఈలోగా నేను గది తుడిచేస్తాను,
టీ కుర్రాడికి రెండు వేళ్ళు చూపిస్తాను,
బెంచీ మీది మనిషి కాగితాల సంచి ముడి విప్పుతాడు.

ప్రాసెసరు మార్చెయ్యమన్నాడు మా మేనల్లుడు,
ఐత్రీ తీసి ఐఫైవ్ పెట్టు, రాకెట్టే అన్నాడు.
గ్రాఫిక్స్ కార్డు ఉండాల్సిందే అన్నాడు ఫ్లెక్సీల ధర్మారావు,
నేను కొట్టేది అర్జీలని, అందులో బొమ్మంటే
ఒక్క పాస్‌పోర్టు సైజు ఫొటోయేనని మరిచిపోయి.
మొత్తం పారేసి కొత్తది కొనుక్కోమంది బ్యాంకావిడ.
ఒకటో తారీకున జీతం పడేవాళ్ళకి
పారేయడం ఎంత సులువో!

చివరికి తవిటయ్యని పిలిచాను.
ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే
మూడోవాణ్ణి చేటలో పడుకోబెట్టారట,
పక్కింటావిడ శేరు తవుడు పోసి కొనుక్కుందట.
పేరు నిలిచింది, మనిషీ నిలిచాడు.
అందుకేనేమో
పాత సరుకుకి వెల కట్టేటప్పుడు ఆయన తొందరపడడు.

పక్క రేకు విప్పాడు.
ఫ్యాను రెక్కలకి జీడిపొట్టు,
వెనకవీధి బట్టీల నుంచి ఏడేళ్ళుగా ఎగిరొచ్చినది.
ఒక స్క్రూకి తిత్లీ నాటి తుప్పు.
మూల, బల్లిగుడ్డు పెంకు.
బ్రష్షుతో దులిపి, ఎండిన పేస్టు గోకి,
కరెంటిచ్చి, చెవి ఆనించి విన్నాడు.
టిక్. టిక్.

"ప్రాసెసరుకేటీ అవలేదమ్మా.
దాని బుర్ర బాగానే ఉంది, కూడే అందట్లేదు.
పాత వంతెన మీద బళ్ళు ఆగిపోతంటే
ఇవతల రోడ్డు ఎడల్పు సేసి ఏటి లాభం?
ఈ తిరిగే డిస్కే నీ వంతెన.
దీని బదులు ఎస్‌ఎస్‌డీ ఎయ్యి, సిన్నది సాలు.
రేము ఇంకో నాలుగు జీబీ. కొత్తది కొనకు,
ఓ స్కూలోళ్ళు తీసీసినది నాకాడ ఉంది.
డబ్బు మిగిల్తే యూపీఎస్‌కి బేటరీ.
కరెంటు ఇలగ ఎల్తా వొస్తా ఉంటే
ఏ మిషనైనా ఎన్నాళ్ళు కాస్తాది?"

"ఎంతకాలం నడుస్తుంది?" అన్నాను.
"బాగా సూసుకుంటే రెండు మూడేళ్ళు లాగుతాది."

"ఎవులు?"

బెంచీ మీది కూర్మయ్య.
కవిటి నుంచి పొద్దున్న బస్సుకి వచ్చి
డయాలసిస్ పింఛను కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు,
ముంజేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంది.

"మిషను గురించి, బావూ" అన్నాడు తవిటయ్య,
స్క్రూడ్రైవరు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటూ.
"నానూ మిషను గురించే అనుకున్నాన్లే."

మూడువేల రెండొందలు, రెండు వాయిదాల్లో.
పాత డిస్కుని పారెయ్యనివ్వలేదు,
ఫైళ్ళకి పడుంటాది అన్నాడు.
పడుంది. ఏడేళ్ళ అర్జీలు.
ఫైనల్, ఫైనల్ రెండు, ఈసారి ఫైనల్.
కొన్నిటికి సంతకం పెట్టినవాళ్ళు లేరు.

ఇప్పుడు స్విచ్చి వేస్తే పద్నాలుగు సెకన్లు.
చీపురు ఇంకా చేతిలోనే ఉంటుంది,
టీ చెప్పనే చెప్పను.
తెర వెలిగి, కర్సరు కొట్టుకుంటూ
పేరు చెప్పమంటుంది.

మళ్ళీ వచ్చిన కూర్మయ్య సంచి ముడి దగ్గరే ఉన్నాడు.
వాళ్ళ బోరు నీళ్ళ సంగతి ఎత్తుకున్నాడు,
అక్కణ్ణుంచి వాళ్ళ అన్న సంగతి,
ఆ నాలుగు నిమిషాల్లో చెప్పుకునే అలవాటున్న
మాటలన్నీ వరసగా.

అడగబోయి ఆగాను.
మౌసు మీంచి చెయ్యి తీసేశాను.
ఆయన అన్న ఇంకా ఆసుపత్రి మెట్లెక్కుతున్నాడు.
తెర కాసేపు చూసి చూసి
దానంతటదే నిద్రపోయింది.